చెట్టుపట్ట పరీక్షయు సత్యసాక్ష్యమును

ఈ సంవత్సరము మన పాఠశాలలో జరిగిన విజ్ఞానప్రదర్శనమును చూడవచ్చిన తల్లిదండ్రులలో పెక్కుమంది యొక బల్లయొద్ద చాలసేపు నిలిచిరి. తొమ్మిదవ తరగతి బాలురు వేప, తుమ్మ, నేరేడు, తెల్లమద్ది చెట్ల పట్టలను నీడను ఆరబెట్టి, దంచి, నీట కాచి, ఆ కషాయములను సీసాలలో వరుసగా నుంచిరి. ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క చీటి అంటించిరి. వేపపట్ట సీసాపై "సమస్త క్రిములను చంపును" అని ముత్యములవంటి అక్షరములతో వ్రాయబడియుండెను. చూచినవారందరును మెచ్చుకొనిరి. మనుమని చూడ వచ్చిన యొక వృద్ధురాలు మాత్రము ఆ చీటిని చదివించుకొని, "ఏ పురుగును చంపింది బాబూ? నువ్వు చూశావా?" అని యడిగెను. బాలుడు నావైపు చూచి, "నేను చూడలేదండీ, మా మాస్టారు చెప్పారండీ" అనెను.

ఆమె నవ్వి వెళ్ళిపోయెను. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వాక్యమును ప్రతి సంవత్సరము నల్లబల్లపై వ్రాయుచు వచ్చినవాడను నేనే. దానిని నేనును చూడలేదు. నా గురువులు చెప్పిరి, నేను చెప్పితిని. ఇట్లు చూడనివారు చూడనివారికి చెప్పుచు వచ్చినదానిని విజ్ఞానమనవచ్చునా? ఈ విషయమును గూర్చి నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును విన్నవింపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ముందుగా నా తప్పు నొప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో చదువుచుండిన యొక బాలిక తమ్మునికి కొబ్బరిమట్ట గీచుకొని కాలికి గాయమయ్యెను. ఆ బాలిక నోటుపుస్తకము తెరచి నేను చెప్పిన వాక్యమును తల్లికి చదివి వినిపించెను. తల్లి వేపపట్ట కాచి, కషాయమును కుండలో పోసి యుంచి, దినమునకు రెండుమారులు గాయమును కడుగుచు వచ్చెను. ఆరవ దినమునకు కాలు వాచెను, జ్వరము వచ్చెను. బాలిక బడికి రాకుండుటచేత నేను వారి యింటికి వెళ్ళితిని. కుండమూత తీసి చూడగా కషాయముపై తెల్లని బూజు తెట్టెకట్టియుండెను. సమస్త క్రిములను చంపునని నేను చెప్పిన నీటిమీదనే క్రిములు కాపురము పెట్టినవి! బాలుని వెంటనే పట్టణమునకు తీసికొనిపోయి చికిత్స చేయించితిమి. దేవుని కృపవలన కాలు దక్కెను. ఆ తల్లి నన్నొక మాటయైన ననలేదు. "మీరు చెప్పారని చేశామండీ" అని మాత్రమనెను. ఆ మాటకంటె గొప్ప నింద నేనింతవరకు వినలేదు.

అట్లని మన పెద్దల యనుభవమంతయు వట్టిదని నేననుట లేదు. చెట్టు తన పట్టను ఊరక ధరింపలేదు. ఆకు రాలిన మరల చిగుర్చును గాని, మ్రాను కుళ్ళిన చెట్టు బ్రదుకదు. కావున బూజులను, పురుగులను, సూక్ష్మజీవులను అడ్డుటకై చెట్టు తన పట్టలో అనేక పదార్థములను కూడబెట్టుకొనును. వానిలో ముఖ్యమైనది టానిన్ అను వగరు పదార్థము. నేరేడుపండు తిన్నప్పుడు నాలుక పట్టివేసినట్లగుటకు కారణమిదియే; అది మన నోటిలోని మాంసకృత్తులను పట్టుకొని బిగించును. తంగేడుచెక్కతోను తుమ్మచెక్కతోను తోళ్ళను ఊనినప్పుడు జరుగునదియు నిదియే. పచ్చితోలు నాలుగు దినములలో కుళ్ళును. ఊనిన తోలు చెప్పులై ఏండ్లకొలది మన్నును. నైలాను వలలు రాకమునుపు సముద్రతీరమందలి జాలరులు నూలువలలను చెట్టుచెక్కల కషాయములో నానవేసి ఆరబెట్టుచుండిరి. ఉప్పునీటిలో దారము చివికిపోకుండుటకే ఆ యెర్రరంగు, అందముకొరకు కాదు.

కల్లుకుండ సంగతి మన కోనసీమవారికి చెప్పనక్కరలేదు. తాటినీరా పులియకుండుటకు కుండలోపల సున్నము పూయుదురు. శ్రీలంకలో ఇదే పనికి "హల్" అను చెట్టుయొక్క పట్టముక్కలను కుండలో వేయుదురు. ఆ ముక్కలు పులియబెట్టు సూక్ష్మజీవుల పనిని మందగింపజేయును. బెల్లము వండువరకు తీపి నిలుచును. సూక్ష్మదర్శినిని ఎన్నడును చూడని గీతకార్మికులు ప్రతిదినము చేయుచుండిన సూక్ష్మజీవ పరీక్ష యిది. అట్టివారి జ్ఞానమును ఎగతాళి చేయువాడు చదువుకొన్నవాడు కాడు.

అయితే వారి జ్ఞానమునకొక మేర కలదు. ఆ మేరను వారెరుగుదురు, మనమే మరచితిమి. జాలరి తన చెక్కనీరు వల చివుకకుండ చేయుననెను గాని, కలరాను కుదుర్చుననలేదు. కల్లుకుండలో పట్టముక్క వేయువాడు పులుపు ఆలస్యమగుననెను గాని, పుండు మానుననలేదు. తోలు కుళ్ళకుండుట యొకటి, రోగి బ్రదుకుట యొకటి. ఈ రెంటి నడుమనున్న దూరమును ఒక చీటితో దాటవచ్చునని తలచినది మనబోటి చదువరులే.

ఆ దూరమును న్యాయముగా నడచినవారు కలరు. ఎడ్వర్డు స్టోను అను నొక ఆంగ్లేయ పాదిరిగారు ఆక్సుఫర్డు మండలములోని చిప్పింగ్ నార్టన్ అను నూరివారు. ఆయన యొకనాడు విల్లో అను చెట్టు పట్టను నమలి చూచి, దాని చేదు సింకోనా పట్ట చేదును పోలియున్నదని గ్రహించిరి. ఆ పట్టను సంచిలో పోసి రొట్టెలు కాల్చువాని పొయ్యివెలుపల మూడు మాసములకు పైగా ఆరబెట్టి, పొడిచేసి, చలిజ్వరముతో బాధపడుచున్న సుమారు ఏబదిమందికి ఇచ్చి చూచిరి. మొదట కొద్ది మోతాదు. హాని లేదని తెలిసిన పిమ్మట నెక్కువ. 1763 ఏప్రిలు 25వ తేదీని రాయల్ సొసైటీ అధ్యక్షునికి ఉత్తరము వ్రాసిరి. ఆ యుత్తరములో నాకు మిక్కిలి నచ్చిన సంగతి ఆయన జయము కాదు. కొందరు రోగులలో మొండిజ్వరములు విల్లో పట్టకు పూర్తిగా లొంగలేదనియు, అప్పుడు అయిదవ వంతు సింకోనా పట్ట కలుపవలసివచ్చెననియు ఆయన దాచక వ్రాసిరి. నేటి విజ్ఞానము చెప్పునదేమనగా, విల్లో పట్ట జ్వరపు వేడిని తగ్గించును, నొప్పిని తగ్గించును గాని, చలిజ్వరపు క్రిమిని చంపదు. దానిలోని సారమునుండి బయలుదేరిన పరిశోధనలే 1899లో ఆస్పిరిను మందుగా ముగిసినవి. జ్వరము దిగుట వేరు, క్రిమి చచ్చుట వేరు. ఈ భేదము స్టోనుగారికి తెలియదు. కాని తన యోటమిని వ్రాసియుంచినందున తరువాతివారికి దారి మిగిలెను.

సింకోనా పట్ట మాత్రము నిజముగా క్రిమిని చంపునదే. 1820లో పెల్లెటియే, కావెంటూ అను నిద్దరు ఫ్రెంచివారు దానినుండి క్వినైనును వేరుచేసిరి. అంతవరకు పట్టపొడి యొక చెట్టుది బలముగాను, ఒక చెట్టుది బలహీనముగాను ఉండుచుండెను. క్వినైను వచ్చిన పిమ్మట కొలిచి యిచ్చుటకు వీలయ్యెను. మన దేశమున తపాలాకార్యాలయములలో క్వినైను పొట్లములమ్మిన కాలము కలదు. వింత యేమనగా, మలేరియా క్రిమిని లావెరాను గారు చూచినది 1880లో. అది దోమ కడుపులో పెరుగుటను రొనాల్డు రాసుగారు మన సికిందరాబాదులో కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీని. క్రిమి కంటబడుటకు అరువదియేండ్ల ముందే మందు చేతికి వచ్చినదన్నమాట. పెద్దల యనుభవమును గౌరవింపవలెననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మన ప్రాంతమునకు దాపున నున్న యుదాహరణము కొడిసెపాల. గోదావరికి ఎగువనున్న మన్యపు కొండలలో పెరుగు నీ చెట్టు పట్టను జిగటవిరేచనములకు వాడుట పూర్వాచారము. దానినుండి తీసిన కొనెసైను అను సారము అమీబాను చంపునని రసాయనవేత్తలు తేల్చిరి. కాని జిగటవిరేచనములన్నియు అమీబావలననే రావు, బాక్టీరియాలవలనను వచ్చును. ఒకనికి పనిచేసి మరియొకనికి పనిచేయకపోవుటకు కారణము చెట్టులో లేదు, రోగములో నున్నది. పైగా ఆ సారము మోతాదు మించిన నరములకు హాని చేయును. కావుననే "మంచిమందు" అను మాటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ క్రిమికి? ఎంత? ఎవరికి?

ఇప్పుడు ప్రయోగశాలలలో ఈ పరీక్ష యెట్లు చేయుదురో కొంచెము చెప్పెదను. సముద్రపు నాచునుండి తీసిన అగార్ అను జిగురును పోషకపదార్థములతో కాచి గాజుపళ్ళెములో పోసి గడ్డకట్టనిచ్చి, దానిపై ఒక తెలిసిన బాక్టీరియాను సమముగా పూయుదురు. జిగురులో చిన్న గుంటలు చేసి పట్టసారమును చుక్కలుగా వేసి, వెచ్చని పెట్టెలో ఒక రాత్రి యుంచుదురు. తెల్లవారుసరికి పళ్ళెమంతయు క్రిములతో మసకబారును. సారము పనిచేసినచోట గుంటచుట్టును తేటయైన వలయము మిగులును. ఆ వలయమును మిల్లీమీటర్లలో కొలుతురు.

చూచుటకు తేలికయే, కాని ఈ వలయము మోసము చేయగలదు. పట్టను మద్యసారములో నానబెట్టియున్నచో, వలయమును చేసినది పట్టయా, మద్యసారమా? కావున ఉట్టి మద్యసారము వేసిన గుంట యొకటి పక్కన నుండవలెను. వలయము పెద్దదైనంతమాత్రమున మందు గొప్పదికాదు. జిగురులో త్వరగా ప్రాకు పదార్థము పెద్ద వలయమును, మెల్లగా ప్రాకునది చిన్న వలయమును చేయును. టానిన్ మాంసకృత్తులను పట్టుకొనునని చెప్పితిని గదా. అది క్రిమిదేహమునే పట్టుకొనదు, మన దేహమును పట్టుకొనును. నిప్పు సమస్త క్రిములను చంపును. అందుచేత నిప్పును మందని యెవరైన మ్రింగుదురా? వలయము కనబడకపోయినను త్రోసివేయరాదు. చైనాదేశమున టూ యూయూగారు మలేరియాకై యొక మొక్కను పరీక్షింపగా మొదట ఫలము నిలకడగా కనబడలేదు. పాతగ్రంథములో ఆ మొక్కను కాచక, నీట నానబెట్టి పిండవలెనని యుండుట చూచి, వేడి సారమును చెరచుచున్నదని యూహించి, తక్కువ వేడిమిలో ఈథరుతో సారము తీసిరి. ఆ మందే ఆర్టెమిసినిను. 2015లో ఆమెకు నోబెలు బహుమానము వచ్చెను.

మన పాఠశాలలో బాక్టీరియాలను పెంచుట క్షేమము కాదు. గాయములనుండి గాని మురుగునుండి గాని తీసిన క్రిములను బాలురచేత ఎన్నడును పెంచనీయరాదు. కాని మన వంటింటిలో దినదినము పెరుగు సాధుక్రిమి యొకటి కలదు; అది పాలను పెరుగుచేయునది. వృద్ధురాలి ప్రశ్న విన్న మరునాడే ఆ తరగతి బాలురతో నాలుగు గిన్నెలు పెట్టించితిని. అన్నిటిలోను కాచి చల్లార్చిన పాలు సమముగా పోసితిమి. మొదటిదానిలో తోడును మంచినీరును. రెండవదానిలో తోడును చిక్కని తుమ్మపట్ట కషాయమును. మూడవదానిలో తోడులేక కషాయము మాత్రము. నాలుగవదానిలో తోడును, పదునారింతలు నీరు కలిపిన కషాయమును.

మరునాటి యుదయమున మొదటి గిన్నె గట్టిగా తోడుకొనెను. రెండవది తోడుకొనక గోధుమరంగు తునకలు తేలినది. "క్రిములు చచ్చినవి, వాటి శవములే యివి!" అని యొక బాలుడు కేకవేసెను. మూడవ గిన్నె మూత తీసి చూపితిని. తోడు లేని ఆ గిన్నెలోను అవే తునకలు తేలుచుండెను. అవి క్రిముల శవములు కావు. టానిన్ పట్టుకొనిన పాలలోని మాంసకృత్తులు. ఇక నాలుగవ గిన్నె మొదటిదానివలెనే చక్కగా తోడుకొనియుండెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. తరువాత ఆ బాలుడే లేచి, "అయితే మాస్టారూ, చిక్కగా ఉంటే తోడును ఆపింది, పలచనైతే ఆపలేదు. అంతవరకే చెప్పాలి కదండీ?" అనెను. ఇరువదియేండ్ల బోధనలో ఇంత సంతోషమును కలిగించిన యుత్తరము నేను వినలేదు. సీసామీది పాతచీటిని చింపి, ఆ మాటనే క్రొత్తచీటిపై వ్రాయించితిని.

ఈ యోర్పునకు మన గోదావరిగడ్డవాడే గొప్ప మాదిరిగా నున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులలో నిద్దరిని గ్రహణిరోగమునకు పోగొట్టుకొనిరి. తామును ఆ రోగమువాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. పిదప చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో బోధించిరి. మూలికల మేలును తమ దేహముననే యెరిగిన యీ మహనీయుడు అంతటితో తృప్తిపడి కూర్చుండలేదు. అమెరికా వెళ్ళి, లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు అధ్యక్షుడయ్యెను. అచ్చట బెంజమిన్ డగ్గరుగారు నానాప్రదేశముల మట్టిని తెప్పించి, నమూనా తరువాత నమూనా పరీక్షించిరి. మిస్సోరి రాష్ట్రపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి బంగారువన్నెగల ఆరియోమైసిను దొరకెను. అది 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఫలమియ్యని నమూనాల లెక్కను ఓపికతో వ్రాసియుంచనిచో, ఫలమిచ్చినదానిని గుర్తుపట్టుట యెట్లు?

ఇట్టి శోధన నేడు మరింత యవసరము. పెన్సిలినును 1928లో కనుగొన్న ఫ్లెమింగుగారే 1945లో నోబెలు బహుమానమందుకొనుచు, చాలీచాలని మోతాదున వాడినచో క్రిములు మందునకు అలవాటుపడి లొంగకుండునని హెచ్చరించిరి. ఆ హెచ్చరిక నిజమైనది. జలుబునకును, అలసటకును దుకాణమునుండి రెండు మాత్రలు కొని, కొంత నయమనిపింపగానే మానివేయుట మన గ్రామములలో వాడుకయైనది. పాతమందులు పదునుతప్పుచున్నవి గనుక క్రొత్తవాటిని వెదకవలసినదే, చెట్టుపట్టలలోను వెదకవలసినదే. కాని బాక్టీరియాలకు వైద్యులు నేడిచ్చు ఆంటిబయాటికులలో హెచ్చుభాగము బూజులనుండియు, మట్టిలోని సూక్ష్మజీవులనుండియు, రసాయనవేత్త చేతినుండియు వచ్చినవే గాని, చెట్టుపట్టనుండి వచ్చినవి కావు. పళ్ళెములో వలయము చేసిన పట్టలు వేలు. రోగి పడకవరకు నడచినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఈ సత్యమును దాచి "ప్రకృతి మందు, హాని లేదు" అనువాడు పేదవాని ప్రాణముతో బేరమాడుచున్నాడు. ధనికుడు తప్పుమందు వాడినను మరునాడు కాకినాడకు పోగలడు. లంకగ్రామములోని కూలివానికి ఆ మరునాడు దొరకకపోవచ్చును.

"పెద్దల మాటను పరీక్షించుట పెద్దలను అవమానించుట కాదా?" అని కొందరడుగుదురు. బంగారమును గీటురాతిపై గీయుట దానికి అవమానమా? ఇత్తడియే గీటురాతికి వెరచును. "పరీక్షలు విశ్వవిద్యాలయములవారి పని, హైస్కూలు బాలురకేల?" అని మరికొందరందురు. మందు కనుగొనుట వారి పనియే. కాని మందని చెప్పబడినదానిని విని, ఎట్లు తెలిసినదని యడుగుట ప్రతివాని పని. ఈ ప్రశ్నను పదునాలుగేండ్ల వయస్సున నేర్వనివాడు నలువదియేండ్ల వయస్సున నేర్చుట కష్టము. అందుకు నేనే సాక్షిని.

చెట్టు పక్షమునను ఒక మాట చెప్పవలెను. ఆకులు వండిన యాహారము వేళ్ళకు దిగునది పట్టలోపలి పొరగుండనే. మ్రాను చుట్టును పట్ట నొలిచినచో వేళ్ళు పస్తుండి, చెట్టు నిలిచినచోటనే చచ్చును. ప్రదర్శనముకొరకు చెట్టును చంపుట విద్య కాదు. గాలికి విరిగిన కొమ్మనుండియు, కొట్టివేసిన కొమ్మనుండియు చాలినంత పట్ట దొరకును.

కావున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పాఠశాలలన్నిటిలోను ఇకమీదట నీ మూడు కట్టుబాట్లు నుండవలెనని నా మనవి. పట్టసారము వేసిన గిన్నె పక్కన, అది వేయని గిన్నె తప్పక నుండవలెను. ఓడిన పరీక్షను గెలిచినదానితో సమానముగా పుస్తకములో వ్రాయవలెను. ఓటమిని వ్రాసిన బాలునికి ఒక్క మార్కైనను తగ్గింపరాదు. బాలుర పరీక్షను చూచి, "మందు" అను మాటను ఎవ్వరును చీటిపై వ్రాయరాదు. లోతైన గాయమునకు, విడువని జ్వరమునకు వైద్యుని యొద్దకే పోవలెనని దాని క్రింద వ్రాయవలెను.

అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను మన బడిలో ప్రతి బాలుడును కంఠస్థము చేసినాడు. ఆ యాజ్ఞ న్యాయస్థానమునకు మాత్రమే చెందినదని యింతకాలము తలచితిని. చెట్టునుగూర్చి చూడనిదానిని చూచినట్లు చెప్పుటయు అబద్ధసాక్ష్యమే. దాని శిక్ష చెప్పినవానికి గాక విన్నవాని బిడ్డకు తగులును. వచ్చు సంవత్సరపు ప్రదర్శనమునకు ఆ వృద్ధురాలు మరల వచ్చి, "నువ్వు చూశావా బాబూ?" అని యడిగినచో, "చూశానండీ, ఇంతవరకు చూశానండీ" అని చెప్పగల బాలుని ఆ బల్లయొద్ద నిలుపవలెనని నా కోరిక.